పెన్సిలుతో రాసిన వారం

అల్లూరు సెక్షన్ ఆఫీసులో
ఎరువుల కొట్టోళ్ళు ఇచ్చిన క్యాలెండరు తిరగేసి
వెనక తెల్లటి వైపున గళ్ళు గీస్తా ఉండాను.
యూరియా బస్తా పక్కన నవ్వే రైతు మొహం
బల్లకేసి బోర్లా ఉంది.

పని చిన్నదే.
ఏడో తూము మొదలు చివరి కట్ట దాకా
కాలువకు కాంక్రీటు లైనింగు,
నలభై రెండు రోజులు నీళ్ళు బంద్.
అంచనాలున్నాయి, డ్రాయింగులున్నాయి,
ఆకుపచ్చ ఇంకు సంతకాలున్నాయి.
ఎవరికి, ఏ రోజున, ఏ మాటతో చెప్పాలో
అదొక్కటే లేదు.

పోయినసారి చెప్పలేదు.
నీళ్ళాపిన తొమ్మిదో రోజు
మాలకొండయ్య నారుమడిలోంచి
పిడికెడు పసుప్పచ్చటి నారు పీక్కొచ్చి
నా ఫైలు మీద పెట్టిపోయినాడు.
తిట్టలేదు.
తిట్టుంటే బాగుండు.
ఆ మట్టిమరక అట్ట మీద ఇంకా ఉంది.
దాన్నే అడుగున పెట్టుకుని గీస్తా ఉండా ఇప్పుడు.

సోమవారం గడి ఈఈ గారిది.
ఆయనకు శాతాలు చాలు.
పేజీ దాటితే చదవరు,
అర పేజీ అయితే నమ్మరు.
కాంట్రాక్టరు జిలానీకి రోజూ పొద్దున్నే ఫోను,
అతనికి చెప్పడం కాదు, అడగడం.
నీటి సంఘానికి పక్షానికోసారి,
అదీ పాలకేంద్రం కాడ, సాయంత్రం,
క్యాను మూతల చప్పుడు తగ్గినాక.
రొయ్యల గుంటల శశిధర్ గారికి వాట్సాప్.
నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు,
నీళ్ళాగినప్పుడు మాత్రం కారొస్తుంది.

చాకిరేవు కామాక్షమ్మకి నోటీసు చూపించాను.
"తేదీలు నాకెందుకు తల్లా,
అమాసకి ముందా, ఎనకా?" అనింది.
అప్పటికప్పుడు గళ్ళల్లో
అమావాస్యలకు నల్లచుక్కలు పెట్టుకున్నా.

బాతుల వెంగయ్యకే ఏ గడీ సరిపోలా.
కోసిన మళ్ళ వెంట ఎనిమిది వందల బాతులతో
ఇవాళ ఇస్కపల్లి, రేపు యాడో.
ఆయకట్టు జాబితాలో లేడు, సంఘంలో లేడు,
ఫోను ఉంది గానీ అందులో ఛార్జింగు ఉండదు.
కాలువ ఎండితే ముందు దప్పికయ్యేది
ఆ మందకే.
టీకొట్టు మస్తానమ్మని అడిగాను.
"నా కాడ బీడీలు కొనకుండా యాడికి పోతాడు" అనింది.
అతని గడిలో ఆమె పేరు రాశాను.

డీఈ దశరథరామయ్య గారు కళ్ళజోడు పైకి తోసి
అయిదో వారం మీద వేలు పెట్టారు.
"ఇక్కడ పనేం లేదు గదమ్మా, క్యూరింగే గదా.
చెప్పేదానికి ఏముంది? కొట్టెయ్."

కొట్టెయ్యలేదు.
ఆ వారం సంగతి నాకు తెలుసు.
ఏమీ జరగని వారంలోనే
పుకారు నారు పోసుకుంటుంది.
బిల్లు మింగేశారంట,
ఈ ఎడగారుకి చుక్క వదలరంట...
దానికి విత్తనశుద్ధి అక్కర్లేదు,
చల్లిన ప్రతి గింజా మొలుస్తుంది.
అందుకని ఆ గడిలో, పెన్సిలుతో:
కొత్తగా ఏమీ లేదు. కాంక్రీటు గట్టిపడతా ఉంది.
తేదీ మారలేదు.
ఇదే చెప్పాలి. అందరికీ.

పెన్సిలు ఎందుకంటే
తేదీ మారుతుంది గనక.
వానో, ఇసుక లారీయో, ట్రెజరీలో ఆగిన బిల్లో.
మారిన రోజు చెప్పే మాటకి
కింద ఒక గడి ఖాళీగా వదిలాను.
అది ఫోనులో చెప్పే మాట కాదు,
గట్టు మీద నిలబడి చెప్పాలి.

మేకు దొరకలేదు. ప్లాస్టరు అంటించి
గోడకి నొక్కిపెట్టి
మొదటి గడిలో పేరుకి ఫోను చేశాను.

"ఇంకా నెలుంది గదమ్మా,
ఇప్పుడే చెప్తా ఉండావే?"

నెలుందనే, మాలకొండయ్యా.

అటువైపు కాసేపు
ఏదో ట్రాక్టరు పోయిన చప్పుడు.
తర్వాత,
"అయితే వడ్లు నానెయ్యనులే" అన్నాడు.